పైకప్పు మీద ఎడమ కాళ్ళు

ఏమండోయ్, మిమ్మల్నే. పోయిన వారం కథ ఆగినచోట చంకలు గుద్దుకుని, "బాబాయి సంగతి నాకు తెలీదా, ఈసారీ ఏదో జోకేసి జారుకుంటాడు" అని పక్కింట్లో పందెం కాసి వచ్చింది మీరే కదూ? ఓడిపోయారు. వెళ్ళి ఒప్పుకోండి. పొద్దున్న ఏడింటినుంచీ భోజనాలబల్ల ముందు కూర్చున్న మన బాబాయి నోట్లోంచి ఇంతవరకూ ఒక్క జోకు సరిగ్గా పేలలేదు.

బల్ల మీద ఫోటోలు పరిచి ఉన్నాయి. పంతొమ్మిది. ఒక్కోదాంట్లో ఒక్కో నల్లటి అడుగు. బల్లకి అవతల అన్నకూతురు నిలబడి ఉంది, చేతిలో స్కేలుతో.

"బాబాయ్, రెండూ ఎడమ కాళ్ళే ఉన్న మేస్త్రీని నువ్వెక్కడ చూశావు?"

బాబాయి ఒక ఫోటో తీసి దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"కుంటివాడేమోనే."

"కుంటివాడైతే కుడికాలు ఈడ్చిన గుర్తుండాలి."

"కర్రకాలేమో మరి."

పిన్ని కాఫీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెట్టిన చప్పుడుకి మూడు ఫోటోలు కదిలాయి. "ఇంకా చెప్పండి. కర్రకాలు మనిషికి రబ్బరు చెప్పులు ఎవరు కొన్నారో అది కూడా చెప్పండి."

నిజమే. అడుగుల నిండా చిన్న చిన్న గళ్ళు. రబ్బరు చెప్పు అడుగుభాగం అచ్చంగా దిగింది. హైస్కూలు కట్టే రోజుల్లో అలాంటి చెప్పులు ఎక్కడివి? నెల్లాళ్ళుగా నిచ్చెన ఎక్కి ఆ అడుగుల్ని చూసినవాళ్ళు ఎంతమందో. ఆఫీసరు చూశాడు, పేపరు విలేకరి చూశాడు. తల పైకెత్తి అయ్యో అన్నారు. ఎడమో కుడో చూసినవాడు ఒక్కడూ లేడు. రాత్రి ఫోటోలు వరసగా పేర్చుకుంటుంటే అమ్మాయికే తట్టింది.

వీధి చివర పాత హైస్కూలు మూతబడి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు దాన్ని గ్రంథాలయం చేస్తున్నారు. రేపు పొద్దున్నే తెరుస్తారు. పాత కట్టడాలు బాగుచేసే ఆఫీసులో అమ్మాయికి ఉద్యోగం, ఆ పని మీదే వచ్చి బాబాయి ఇంట్లో ఉంటోంది. ముందుగదిలో పెద్ద గోడ మీద ఆ బిల్డింగు చరిత్ర రాయించాలి. సమకూర్చే పని అమ్మాయిది. కుంచెతో రాసే పని బాబాయిది. ఊళ్ళో సగం షాపుల మీద అక్షరాలు ఆయనవే కదా.

మేడమీద హాల్లో కప్పు కింద బిగించిన చెక్కరేకులు ఊడదీస్తే పైకప్పు మీద అడుగులు బయటపడ్డాయి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. మనిషి తలకిందులుగా నడిచినట్టు. ఆ రోజు సాయంత్రం అమ్మాయి ఇదే బల్ల దగ్గర కూర్చుని, "బాబాయ్, నువ్వు ఆ స్కూల్లోనే కదా చదివావు, అవేంటి?" అని అడిగింది.

అడక్క అడక్క ఈయన్ని అడిగింది.

బాబాయి నమలడం ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు. కప్పు పోసే ముందురోజు ఒక మేస్త్రీ తారంటిన కాళ్ళతో కాంక్రీటు కోసం పరిచిన చెక్కల మీద నడిచాడనీ, ఆ సాయంత్రమే అక్కడినుంచి పడి చనిపోయాడనీ, చెక్కలు విప్పేసరికి అడుగులు కప్పుకి అంటుకుని ఉన్నాయనీ. హెడ్మాస్టరు వాటిని చెరపనివ్వలేదనీ, చెక్కరేకులు కప్పించి దాచాడనీ. చెబుతూ చెబుతూ ఆయనకే కళ్ళు చెమర్చాయి. అమ్మాయి తినడం మానేసి రాసుకుంది. మర్నాడు పొద్దున్న "ఉత్తినే అన్నానే పిచ్చిదానా" అందామనుకున్నాడు. ఆయన పళ్ళు తోముకునేలోపు అమ్మాయి ఆఫీసుకి వెళ్ళిపోయింది. తర్వాతి వారం అది పేపర్లో వచ్చింది.

"ఇప్పుడు నిజం చెప్పు," అంది అమ్మాయి.

బాబాయి కాఫీ ఒక గుక్క తాగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నావే," అన్నాడు.

"నీవేంటి?"

"కాళ్ళు. కాళ్ళంటే కాళ్ళు కాదనుకో, చెప్పు. పద్నాలుగేళ్ళప్పుడు. వార్షికోత్సవానికి హాలుకి సున్నాలేశారు. వెదురుకర్రకి చెప్పు కట్టి, నల్లబల్లకి పూసే రంగులో ముంచి..." కర్ర పట్టుకున్నట్టు రెండు చేతులూ పైకెత్తి చూపించబోయాడు. పిన్ని మొహం చూసి దించేశాడు. "పైన ఎన్నిసార్లు సున్నం కొట్టినా నలుపు ఆగలేదు. అందుకే చెక్కలు కప్పేశారు."

"మరి అన్నీ ఎడమవేంటి?"

"కుడిచెప్పు తెగిపోయింది. ఒక్కదాంతోనే కానిచ్చాను."

పిన్నికి నవ్వొచ్చింది. రాకూడని చోట వచ్చిందని కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. మీరూ తిరగండి, ఇది నవ్వే సమయం కాదు.

"హాల్లోకి ఎలా వెళ్ళావు?"

"తలుపు తీసే ఉంది," అన్నాడు బాబాయి. మిగతా మాటలకంటే ఈ మాట కొంచెం తొందరగా వచ్చింది. అమ్మాయి పట్టించుకోలేదు. ఆమె దృష్టి వేరేచోట ఉంది.

"ఆ పెద్దావిడకి ఏం చెబుతావు?"

ఇక్కడే బాబాయి జోకులన్నీ చచ్చిపోయాయి.

పేపర్లో చూసి నాలుగురోజుల క్రితం ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లజుట్టు, మందపాటి కళ్ళద్దాలు, చేతిలో గొడుగు. హాలు మధ్యలో నిలబడి తల పైకెత్తి చాలాసేపు చూసింది. "మా నాన్నవే," అంది. "ఈ పనికే వెళ్ళి తిరిగిరాలేదు. ఒక్క గుర్తు కూడా మిగల్లేదనుకున్నాం." అని నేల మీద కూలబడి ఏడ్చింది. అమ్మాయి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. రేపు చరిత్ర రాసిన గోడ మీద తెర లాగేది మీరే అని మాటిచ్చింది. అప్పటినుంచీ ఆవిడ రోజూ పదకొండింటికి వచ్చి, ఆ అడుగుల కింద ఒక గంట కూర్చుని వెళుతోంది.

ఆ మొదటిరోజు బాబాయి అక్కడే ఉన్నాడు, నిచ్చెన మీద. కిటికీల పైన "నిశ్శబ్దం" అని రాస్తున్నాడు. ఏడుపు విన్నాడు. దిగలేదు. ఆవిడ వెళ్ళాక కిందికొచ్చి, ముందుగది గోడ మీద "తన అడుగుల్ని మనకు వదిలి వెళ్ళిన మేస్త్రీ" అనే వాక్యం తన చేత్తో తనే రాశాడు. వంపులు తిరిగిన చక్కటి అక్షరాలు. జీవితంలో అంత జాగ్రత్తగా ఆయన ఇంకేదీ రాయలేదు.

"చెప్పకపోతే ఏమైందే?" అన్నాడు బాబాయి నెమ్మదిగా. "ఆవిడకో ఊరట దొరికింది. మనమెందుకు లాక్కోవడం? నాలుగురోజులుగా మొహం తేటగా ఉంది, నువ్వే అన్నావు."

"రేపు అంతమంది ముందు నీ రబ్బరు చెప్పుకి దణ్ణం పెట్టిస్తావా ఆవిడచేత?"

బాబాయి కాఫీ గ్లాసు పక్కకి జరిపాడు.

"పోనీ నేనే రాత్రికి ఆ వాక్యం చెరిపేస్తా. రంగు ఆరక పాడైందని చెబుదాం."

"వినండమ్మా," అంది పిన్ని ఇటు తిరిగి. "బస్టాండు బెంచీకి 'రంగు తడిగా ఉంది' అని బోర్డు తగిలించి ఆర్నెల్లు ఒక్కడే కూర్చున్న మనిషి. అప్పుడు నేను కూడా నవ్వాను. నవ్వి నవ్వి ఇంతదాకా తెచ్చింది నేనే. ముప్ఫై ఏళ్ళుగా ఈయన ఎవర్ని ఏడిపించినా ఆ ఇంటికి నేనే వెళ్ళి సర్దిచెప్పి వస్తున్నా. ఈ ఇంటికి మాత్రం వెళ్ళను."

వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు కూడా రాలేదు. ఆ ఇంట్లో గిన్నెలు చప్పుడు చెయ్యకపోవడం అంటే ఏమిటో బాబాయికి బాగా తెలుసు.

అమ్మాయి ఫోటోలన్నీ కవరులో పెట్టింది. ఇందాకటి కోపం ఆమె గొంతులో లేదు. అది బాబాయికి ఇంకా కష్టంగా ఉంది.

"నా ఉద్యోగం సంగతి వదిలెయ్. రాసింది నేను, సంతకం నాది, ఆఫీసరుకి నేనే చెప్పుకుంటా. చిన్నప్పుడు నువ్వు చెప్పిన ప్రతీదీ నమ్మేదాన్ని బాబాయ్. పెద్దయ్యాక కూడా నమ్మాను. నాకదే సిగ్గుగా ఉంది."

ఆ మాటకి ఆయన చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పై గుండీ కింది కాజాలోకి వెళ్ళింది. మళ్ళీ విప్పి పెట్టుకున్నాడు.

"పద," అన్నాడు. "నేనే చెబుతా."

ఇద్దరూ వీధి చివరికి బయల్దేరారు. దారిలో చెప్పులషాపు మీద ఆయన రాసిన బోర్డు ఉంది. బాబాయి తల తిప్పుకుని నడిచాడు.

హైస్కూలు మెట్ల దగ్గర కొత్త వార్నిషు వాసన. తరగతి గదుల్లో పుస్తకాల అలమరలు బిగించారు. ఏడో తరగతి గదిలో ఎవరో మేకులు కొడుతున్నారు. చెక్కమెట్లు మధ్యలో అరిగి గుంతలు పడ్డాయి, ఎన్నో వేల కాళ్ళకి. మెట్లని అలాగే ఉంచాలని పట్టుబట్టింది అమ్మాయే. "ఇవన్నీ నిజం అడుగులు," అందామె ఎక్కుతూ. అనాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. బాబాయి వెనక ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు, మెట్ల కమ్మీ పట్టుకుని.

పెద్దావిడ అప్పటికే వచ్చి ఉంది. మడత కుర్చీలో, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, తల పైకెత్తి.

"రండి పెయింటర్ గారూ," అంది. "గోడ పనంతా అయిందా?"

"అయిందమ్మా."

"బాగా రాశారు. నిన్న చదివాను. మేస్త్రీ మీద ఆ ముక్క చదువుతుంటే గొంతు పట్టేసింది."

బాబాయి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. కుర్చీ ఇంకోటి ఉంది కానీ కూర్చోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, మర్యాద కాదని తీసేశాడు.

"అమ్మా, అవి మీ నాన్నగారివి కావు."

ఆవిడ పైకెత్తిన తల దించింది.

"ఆ అడుగులు. నావి. చిన్నప్పుడు అల్లరికి చేశాను. ఆ మేస్త్రీ కథ నేనే అల్లాను. మా అమ్మాయిది ఏ తప్పూ లేదు. నేను చెప్పింది నమ్మింది." కిటికీల పైన తను రాసిన అక్షరాల వైపు చూశాడు. "మీరలా ఏడుస్తుంటే విన్నాను. విని కూడా నిచ్చెన దిగలేదు. నాలుగురోజులు దిగలేదు. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు."

కింద మేకులు కొట్టడం ఆగింది.

పెద్దావిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అమ్మాయి ఆవిడ కోసం మంచినీళ్ళ సీసా మూత తీసి పట్టుకుంది. ఆవిడ అందుకోలేదు.

"ఎంతమంది చేశారు?" అంది.

"నేనొక్కణ్ణే."

"హాలుకి తాళం ఉండేది కదా. ఎలా వచ్చావు?"

"తలుపు తీసే..." అన్నాడు బాబాయి.

ఆగిపోయాడు. ఆవిడ "వచ్చావు" అంది. ఇప్పటిదాకా "మీరు" అన్న మనిషి.

"ఈ హాలు తలుపు ఎప్పుడూ తీసి ఉండేది కాదు," అంది ఆవిడ. "పొద్దున తీసి, ఊడ్చి, తాళం వేసి, చెవి నడుముకి దోపుకునేదాన్ని. గంట కొట్టేది నేనే. ఒక పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చి, హెడ్మాస్టరు గారు కుర్చీలు తెమ్మన్నారు ఆయమ్మా, తాళంచెవి ఇవ్వు అన్నాడు. ఇచ్చాను."

బాబాయి ఆవిడ మొహంలోకి చూశాడు. తెల్లజుట్టు కింద, ఆ మందపాటి అద్దాల వెనక, ఇరవై రెండేళ్ళ సన్నటి మనిషి ఒకామె నడుముకి తాళాలగుత్తితో కనబడింది. నలభై నాలుగేళ్ళుగా ఈ కథని తనలో తాను చెప్పుకుని నవ్వుకున్న ప్రతిసారీ, ఆమెని కథలోంచి తీసేసి తలుపు తెరిచిపెట్టుకున్నాడు. తీసేసి తీసేసి, తలుపు నిజంగానే తెరిచి ఉందని నమ్మేశాడు.

పక్కనున్న ఖాళీ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"బాబాయ్, ఏమిటిది?" అంది అమ్మాయి.

"చెప్పు నాయనా," అంది పెద్దావిడ. "సగం చెప్పావు. మిగతా సగం నీ నోటితోనే రానీ. అమ్మాయి రాసుకుంటుంది."

అమ్మాయి పుస్తకం తియ్యలేదు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నేల వైపు చూస్తూ, ఒక్కో ముక్కా.

"మర్నాడు హెడ్మాస్టరు అందర్నీ ఇక్కడే వరసగా నిలబెట్టాడు. తాళంచెవి ఎవరికిచ్చావని ఈవిణ్ణి అడిగారు. వేలెత్తి నన్ను చూపించింది. నేను కాదన్నాను. ఒట్టేశాను. వెక్కి వెక్కి ఏడ్చాను. మాస్టర్లంతా నా చుట్టూ చేరారు. పసివాడి మీద అబద్ధం చెబుతావా అని ఈవిణ్ణి తిట్టారు. ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు."

"అది కూడా రాయి," అంది పెద్దావిడ అమ్మాయితో. "నా కాగితం మీద వాళ్ళు రాసింది చెబుతా, రాయి. పిల్లల మీద చాడీలు చెప్పే మనిషి, పనికి పెట్టుకోదగదు. ఆ కాగితంతో ఏ బళ్ళోకీ రానివ్వలేదు. ఆ తర్వాత ఎవరూ నా చేతికి తాళంచెవి ఇవ్వలేదు. ఇరవయ్యేళ్ళు హాస్టల్లో గిన్నెలు తోమాను. ఇంట్లో ఏదైనా కనబడకపోతే మా అత్తగారు ముందు నావైపే చూసేది."

అమ్మాయి బాబాయి పక్కనుంచి జరిగి ఆవిడ కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది. రెండు అడుగుల దూరం. బాబాయికి ఆ రెండు అడుగులూ ఈ గోడ నుంచి ఆ గోడకి ఉన్నంత దూరంగా కనిపించాయి.

"ఆ వాక్యం తీసేస్తానమ్మా," అన్నాడు. "దాని చోట మీ గురించి రాస్తాను. జరిగింది జరిగినట్టు. ఇప్పుడే రాస్తాను."

"రాస్తావా? నా పేరేమిటి?"

బాబాయి నోరు తెరిచాడు. మూడేళ్ళు ఆవిడ గంట కొడితే తరగతిలోకి వెళ్ళాడు, గంట కొడితే ఇంటికి వెళ్ళాడు.

"ఆయమ్మా అనేవాళ్ళం," అన్నాడు.

"అది పేరు కాదు కదా."

కాదని తల ఊపాడు.

పెద్దావిడ గొడుగు ఆనించి లేచింది. "పేరు అమ్మాయికి చెబుతాను, కాగితం మీద రాసిస్తుంది. చూసి రాద్దువుగాని. రేపు తెర మాత్రం నేనే లాగుతా. తెర వెనక ఏముంటుందో నీ ఇష్టం. నలుగురి ముందూ తెలుసుకుంటాను."

మెట్ల వైపు నడిచింది. అమ్మాయి చెయ్యి అందించబోయి ఆగింది. ఏదో లెక్క కుదరనట్టు మొహం పెట్టింది.

"మరి మీ నాన్నగారు? ఆ పనిలో పోయింది..."

"మా నాన్న దర్జీ అమ్మా. ఎనభై రెండేళ్ళు బతికి, మంచం మీద నిద్రలో పోయాడు. నిచ్చెనంటేనే భయం ఆయనకి." ఆవిడ మొదటి మెట్టు మీద ఆగి, కళ్ళద్దాలు సర్దుకుంది. "ఈ బడి కట్టి డెబ్భై ఏళ్ళని నీ గోడ మీదే ఉంది. నాకు అరవై ఆరు. నేను పుట్టడానికి నాలుగేళ్ళ ముందే పోయాడు మా నాన్న, నాలుగురోజులుగా మీ అందరి లెక్కా అదే. చదువుకున్నదానివి, నువ్వూ అడగలేదు."

అమ్మాయి మొహం కందిపోయింది.

"మొదటిరోజు నిన్ను నిచ్చెన మీద చూశాను," అంది ఆవిడ బాబాయితో. "ఎర్రబడ్డ ఆ చెవులు ఎక్కడున్నా గుర్తుపడతాను. నువ్వూ నన్ను గుర్తుపట్టి దిగుతావేమో అనుకున్నా. దిగలేదు. ఎలా దింపాలా అని ఆలోచించాను."

బాబాయి మెట్ల దాకా వచ్చాడు. "మరి ఆ ఏడుపు? నేల మీద పడి అంతలా ఏడ్చారు కదా."

ఆవిడ కమ్మీ పట్టుకుని ఇంకో మెట్టు దిగింది.

"అది నీ దగ్గర నేర్చుకున్నదే, నాయనా."